తోమా ప్రశ్న, మన పిల్లల ప్రశ్న: పునరుత్థాన పండుగ బోధపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

కొన్నేళ్ల క్రితము, గుర్రంకొండ కోట కనబడే ఒక పల్లెలో ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన జరిగింది. సమాధులకు సున్నము వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, ప్రభువు లేచెనని పాడుకొని కుటుంబాలు ఇళ్లకు మళ్లుతున్నాయి. తొమ్మిదో తరగతి చదివే ఒక బాలుడు మాత్రము ఒక కొత్త మట్టి సమాధి దగ్గర నిలబడి ఉన్నాడు. అది వాళ్ల అవ్వది. నేను దగ్గరకు వెళ్లగానే అడిగాడు: "అయ్యగారూ, ప్రభువు మూడో దినాన లేచినాడు కదా. మా అవ్వ కోసరము మేమూ మూడు దినాలు ఉపవాసముంటిమి. మరి మా అవ్వ ఎందుకు బతకలేదు?"

ఇంకో ఊరిలో ఆరాధనకు వేళ మించిపోతున్నది. నేను వాని భుజము తట్టి, "అట్ల అడగకూడదు నాయనా. తోమా మాదిరి సందేహపడకూడదు, నమ్మాల" అన్నాను. వాడు తల ఊపాడు.

ఆ బాలుడు సంఘము విడిచిపోలేదు. ఆదివారపు బడికి వచ్చాడు, పాటలు పాడాడు, వాక్యములు అప్పజెప్పాడు. అడగడము మాత్రము మానేశాడు. మన లెక్కల ప్రకారము అది విజయమే. ఈ వ్యాసము ఆ లెక్కను ప్రశ్నించడానికి వ్రాయబడినది. పన్నెండు నుండి పదిహేను సంవత్సరాల ప్రాయము గల మన పిల్లలకు పునరుత్థానమును మనము బోధించే తీరు సువార్తల తీరుకు సరిపోవుచున్నదా అన్నదే ఇందులోని పరిశీలనాంశము. సరిపోవడము లేదని నా అభిప్రాయము. మనము జవాబులను ఉంచి, ఆ జవాబులను పుట్టించిన ప్రశ్నలను తీసివేశాము.

1. కంఠస్థమైన జవాబు, మాయమైన ప్రశ్న

మన ఆదివారపు బడిలో చదివిన ఏ పిల్లవాడినైనా యోహాను సువార్త 14:6 చెప్పమనండి. ప్రభువు తానే మార్గమును, సత్యమును, జీవమును అని చెప్పిన ఆ మాటను తడుముకోకుండా ఒప్పజెబుతాడు. దాని ముందున్న వచనము ఏమిటని అడగండి. పదిమందిలో ఒక్కరు చెబితే గొప్ప. ఆ అయిదవ వచనములో మాట్లాడినది తోమా. ప్రభువు ఎక్కడికి వెళ్లుచున్నాడో తమకు తెలియదనీ, అలాంటప్పుడు మార్గము ఎట్లు తెలియుననీ ఆయన అడిగాడు. మిగిలినవారికి తెలిసినట్లు కూడా లేదు, కాని నోరు తెరచినది ఆయన ఒక్కడే. మనము గోడల మీద, క్యాలెండర్ల మీద వ్రాసుకొనే మాట ఒక శిష్యుని తెలియనితనమునకు దొరికిన జవాబు. తోమా ఆ రాత్రి మర్యాద కోసము మౌనముగా ఉండి ఉంటే మనకు ఆ వచనము లేదు.

ఈ కత్తిరింపు ఒక్క వచనముతో ఆగలేదు. మట్టల ఆదివారము మొదలు ఈస్టర్ వరకు మన పిల్లలు చేసే పనులను గమనించండి: మట్టలు పట్టుకొని ఊరేగుతారు, శుక్రవారము ఏడు మాటల ప్రసంగములను మూడు గంటలు కదలకుండా వింటారు, ఆదివారము నాటిక ప్రదర్శిస్తారు, వాక్యముల పోటీలో బహుమతి పుచ్చుకుంటారు. ఇవన్నీ మంచివే. అయితే వీటిలో ఎక్కడా పిల్లవాడు తనంతట తాను ఒక ప్రశ్న అడిగే చోటు లేదు.

పస్కా పండుగ ఇందుకు పూర్తిగా భిన్నము. నిర్గమకాండము 12:26 ప్రకారము ఆ ఆచారము పిల్లల ప్రశ్నతో ముడిపడి ఉన్నది. ఇదేమిటని కుమారులు అడుగుతారు, అప్పుడు తండ్రులు చెప్పాలి. ద్వితీయోపదేశకాండము 6:20, యెహోషువ 4:6 కూడా ఇదే క్రమమును పాటిస్తున్నవి. సుమారు క్రీ.శ. 200 నాటికి కూర్చబడిన మిష్నాలో ఇంకొక అడుగు ముందుకు వేశారు. రెండవ గిన్నె పోసినప్పుడు కుమారుడు తండ్రిని అడగాలి, అడిగే తెలివి వానికి లేకపోతే ఎట్లు అడగాలో తండ్రి నేర్పాలి. ప్రశ్నించడము నేర్పడము ఆ ఇంట తండ్రి బాధ్యత. ఆ పస్కా ప్రయాణములోనే, పన్నెండేళ్ల ప్రాయములో, యేసు దేవాలయములో బోధకుల మధ్య కూర్చుండి వారి మాటలు వింటూ ప్రశ్నలు అడిగినట్లు లూకా (2:46) వ్రాశాడు. సరిగ్గా మన ఏడో తరగతి పిల్లవాని వయస్సు. ఆయన బుద్ధికి ఆశ్చర్యపడిన బోధకులను మనము మెచ్చుకుంటాము, కాని మన దగ్గరకు ఆ వయస్సువాడు ప్రశ్నతో వస్తే వేళ లేదంటాము.

2. మాటల చిక్కు

ఈ పరిస్థితికి మన క్రైస్తవ తెలుగు కూడా కొంత కారణము. బడిలో పంతులు పాఠము ముగించి "సందేహాలేమైనా ఉన్నాయా?" అని అడుగుతాడు. అక్కడ సందేహము అడిగిన పిల్లవాడు చురుకైనవాడు. అదే పిల్లవాడు ఆదివారము గుడిలో అదే మాట వింటాడు, ఇక్కడ సందేహము పాపము. సోమవారము మెచ్చుకోలు తెచ్చే పని ఆదివారము మందలింపు తెచ్చినప్పుడు వాడు ఒకటే నేర్చుకుంటాడు: బుద్ధిని గుడి బయట చెప్పులతో పాటు విడిచి రావాలని.

యోహాను 20:27లో తోమాతో ప్రభువు చెప్పిన మాటను మన వాడుక బైబిలు "అవిశ్వాసి", "విశ్వాసి" అనే పదములతో అనువదించింది. గ్రీకులోని "అపిస్తోస్", "పిస్తోస్" అనే జంటకు అది మాటకు మాటగా సరిపోయే అనువాదమే. చిక్కు ఆ తెలుగు మాటలు సంఘములో సంపాదించుకున్న అర్థములో ఉన్నది. మనకు "విశ్వాసులు" అంటే సంఘ సభ్యులు, "అవిశ్వాసులు" అంటే బయటివారు. 2 కొరింథీయులకు 6:14లోని అదే మాటతో మనము పెండ్లి సంబంధములను నిర్ణయిస్తాము. పత్రికలలో "అవిశ్వాస తీర్మానము" అంటే పదవి నుండి దించివేయడము. కనుక పదమూడేళ్ల పిల్లవాని చెవికి ఆ వచనము ఒక హెచ్చరికగా వినబడుతుంది: అడిగితే నీవు మనవాడవు కావు. ఇంటివారినీ, బంధువులనూ, తాను పుట్టిన పాలెమునూ పోగొట్టుకోవడానికి ఏ పిల్లవాడు సిద్ధపడతాడు?

మరి ఆ అధ్యాయములో "సందేహము" అనే మాట ఉన్నదా? లేదు. తోమా నమ్మనని చెప్పాడు, నమ్మడానికి తనకు ఏమి కావాలో కూడా చెప్పాడు. "సందేహపు తోమా" అనే బిరుదు తరువాతివారు తగిలించినది. సందేహించుట అనే మాట పునరుత్థాన వృత్తాంతములో స్పష్టముగా కనబడేది మత్తయి 28:17లో, అది తోమాను గూర్చి కాదు. ప్రభువును చూచి మ్రొక్కిన ఆ కొండ మీదనే కొందరు సందేహించారు. అక్కడి గ్రీకు క్రియ "దిస్తాజో". క్రొత్త నిబంధనలో ఇది రెండు చోట్లనే ఉన్నది, రెండవది నీళ్ల మీద నడచి మునుగబోయిన పేతురు విషయములో (మత్తయి 14:31). రెండు తలంపుల మధ్య ఊగిసలాడుట దాని భావము. ఆ ఊగిసలాడినవారిని పక్కకు నిలబెట్టకుండానే ప్రభువు సమస్త జనములను శిష్యులనుగా చేయుడని ఆజ్ఞాపించాడు.

ఇంకొక ఉదాహరణ. మార్కు 9:24లో మూర్ఛరోగి తండ్రి నమ్ముచున్నానని కేకవేసి, గ్రీకు మూలము ప్రకారము, తన అపనమ్మకమునకే సహాయము అడుగుతాడు. నమ్మకమూ అపనమ్మకమూ ఒకే గుండెలో, ఒకే వాక్యములో ఉన్నవి. మన వాడుక అనువాదములో అది అపనమ్మకము తనకు లేకుండునట్లు సహాయము చేయమనే ప్రార్థనగా మారింది. భావము దూరము పోలేదు, కాని మూలములోని చిక్కుముడిని అనువాదకులు కొంచెము విప్పివేశారు. పిల్లలకు ఆ ముడినే చూపించవలసి ఉన్నది, ఎందుకంటే అది వారిలో ఉన్న ముడి.

3. తోమాను మరల చదువుట

తోమా మీద మనము మోపే నేరము రెండు విధములు: ఇతరులు నమ్మినది అతడు నమ్మలేదు, తాకి చూడాలని కోరాడు. వాక్యభాగము రెంటినీ సమర్థించదు.

మొదటిది. ఆ ఉదయమే మగ్దలేనే మరియ తాను ప్రభువును చూచితినని శిష్యులతో చెప్పింది (20:18). ఆ సాయంకాలము ఆ శిష్యులు ఏమి చేస్తున్నారు? భయపడి తలుపులు మూసుకొని కూర్చున్నారు. ప్రభువు వచ్చి తన చేతులను, ప్రక్కను చూపిన తరువాతనే వారు సంతోషించారు (20:20). తోమా అడిగినది ఇంచుమించు వారికి అడగకుండానే దొరికినది. ఆ సాయంకాలము ఆయన ఆ గదిలో లేడు, తేడా అంతే.

రెండవది. తోమా గాయములో వేలు పెట్టినట్లు మన సండే స్కూలు పటములు చూపుతాయి. ఈ చిత్రణకు పేరుమోసిన ఉదాహరణ ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 17వ శతాబ్దారంభములో వేసిన చిత్రము. అందులో వేలు గాయములోనికి దిగి ఉంటుంది. యోహాను మాత్రము అట్లు వ్రాయలేదు. ప్రభువు తాకమని పిలిచాడు, తోమా తాకినట్లు లేదు. వెంటనే వచ్చినది ఆయన ఒప్పుకోలు, ప్రభువా అనీ దేవా అనీ. ఈ సువార్తలో ఒక శిష్యుని నోట ఇంతకు మించిన ఒప్పుకోలు లేదు. అది అందరికంటె ఎక్కువ అడిగినవాని నోట వచ్చింది.

తోమాను ఒప్పించినది ఏమిటి? ఒక చిన్న విషయమును మనము దాటవేస్తాము. తోమా తన షరతులను శిష్యులతో చెప్పినప్పుడు ప్రభువు అక్కడ కనబడుట లేదు. అయినను వచ్చినప్పుడు ఆయన తోమా మాటలనే, వేలు, చేయి, ప్రక్క అని, ఇంచుమించు అదే వరుసలో తిరిగి పలికాడు. తన ప్రశ్న ముందే వినబడిందని తోమాకు తెలిసింది.

ఇక అన్నిటికంటె బోధకులకు ముఖ్యమైనది 26వ వచనము. ఎనిమిది దినములు గడిచాయి. శిష్యులు మరల లోపల ఉన్నారు, తోమా వారితో కూడ ఉన్నాడు. చూచినామని పదిమంది అంటున్న గదిలో, నమ్మనని చెప్పిన ఒక్కడు ఎనిమిది దినములు ఎట్లు ఉండగలిగాడు? వారు ఏమి మాట్లాడుకున్నారో యోహాను వ్రాయలేదు. రెండు సంగతులు మాత్రము స్పష్టము: వారు ఆయనను వెళ్లగొట్టలేదు, ఆయన వెళ్లిపోలేదు. ప్రభువు తోమాను ఒంటరిగా వీధిలో కలుసుకోలేదు, ఆ గదిలోనే కలుసుకున్నాడు. పిల్లవాని ప్రశ్నకు జవాబు ఇవ్వడము చాలాసార్లు మన చేతిలో లేదు. ఎనిమిది దినములు గదిలో చోటు ఉంచడము మన చేతిలో ఉన్నది.

చూడక నమ్మినవారు ధన్యులనే 29వ వచనమును మనము బెత్తముగా వాడుతున్నాము. అది యోహాను పాఠకులకు, అంటే ప్రభువును కంటితో చూచే అవకాశము లేని మనకు, ఇయ్యబడిన ఆశీర్వాదము. ఆ వెనువెంటనే సువార్తికుడు ఈ సూచనలు మీరు నమ్మునట్లు వ్రాయబడినవని అంటాడు. చూడనివారిని గుడ్డిగా నమ్మమనలేదు, వారి చేతికి సాక్ష్యమును ఇచ్చాడు.

ఇందులో మన దేశమునకు సంబంధించిన సంగతి ఒకటి ఉన్నది. ప్రాచీన సంప్రదాయము ప్రకారము భారతదేశమునకు సువార్త తెచ్చినది ఈ తోమాయే. కేరళ సురియాని క్రైస్తవులు తమను తోమా క్రైస్తవులని గర్వముగా చెప్పుకుంటారు. చెన్నైలో ఆయన పేర ఒక కొండ ఉన్నది. చారిత్రక నిరూపణ సంగతి వేరు, ఆ గౌరవము మాత్రము వాస్తవము. మన ఆదివారపు బడిలో ఆయన పేరు తిట్టుగా మిగలడము విచారకరము.

4. సువార్తలు దాచనిది

లూకా ప్రకారము స్త్రీలు తెచ్చిన వార్త అపొస్తలులకు "వెఱ్ఱిమాటలు"గా తోచింది (24:11). ప్రభువును ఎదుట చూచిన తరువాత కూడ వారు సంతోషముచేత నమ్మలేకపోయారు (24:41). కల్పించిన కథ అయితే సంఘ స్థాపకులను ఇంత అవివేకులుగా ఎవరు చూపిస్తారు? సందేహము సువార్తలకు మచ్చ కాదు, వాటి నిజాయితీకి గురుతు.

ఇక పిల్లలు స్వయముగా కనుగొనే రెండు సంగతులను మనమే ముందుగా చెప్పవలసి ఉన్నది. మొదటిది, నాలుగు సువార్తల తేడాలు. సమాధి దగ్గరకు వెళ్లినవారిలో మత్తయి ఇద్దరి పేర్లు, మార్కు ముగ్గురి పేర్లు చెబుతారు. లూకా మూడు పేర్లు చెప్పి మరికొందరని అంటాడు. యోహాను మరియను మాత్రమే చూపుతాడు. అక్కడ కనబడినది ఒక దూతయా, ఒక పడుచువాడా, ఇద్దరు మనుష్యులా, ఇద్దరు దూతలా? ఎనిమిదో తరగతి పిల్లవాడు ఈ పట్టికను అరగంటలో వేయగలడు. వేయనివ్వాలి. నలుగురు సాక్షులు పొల్లుపోకుండ ఒకే మాట చెబితే అవి నేర్పిన చిలుక పలుకులని కోర్టులో ప్లీడరు అనడా? ఖాళీ సమాధి, వారములో మొదటి దినము, మగ్దలేనే మరియ, ఈ మూడు నాలుగింటిలోనూ నిలిచి ఉన్నాయి. ఆనాటి సమాజము సాక్షులుగా తక్కువ చూచిన స్త్రీలే తొలి సాక్షులు. ఈ సంగతిని పిల్లలే కనుగొన్నప్పుడు దానికి వచ్చే బలము మన ప్రసంగముతో రాదు.

రెండవది, మార్కు 16:9-20. నాల్గవ శతాబ్దపు సీనాయి, వాటికన్ ప్రతులలో ఈ వచనములు లేవు. మార్కు అక్కడ స్త్రీల భయముతో, మౌనముతో ముగుస్తుంది. ఈ సంగతి ఒకప్పుడు సెమినరీ గ్రంథాలయములో మాత్రమే దొరికేది. నేడు అది పిల్లవాని చేతిలోని ఫోనులో ఉన్నది. అది వాడు మన నోట వినకపోతే, మనము దాచామని చెప్పేవారి నోట వింటాడు. రెండవసారి మనము ఏమి చెప్పినా నమ్మడు.

5. మన ప్రాంతములో ఈ ప్రశ్న

ఆర్కాటు మిషను 1853లో ఏర్పడినది. దాని వైద్య మిషనెరీ జేకబ్ చేంబర్లేన్ 1863లో మదనపల్లెలో స్థిరపడి, 1908లో అక్కడే కన్నుమూశాడు. 1873 నుండి 1894 వరకు తెలుగు బైబిలు సవరణ సంఘమునకు ఆయన అధ్యక్షుడు. ఆ తరమువారు సువార్తను సంత వీధులలో ప్రకటించారు. సంతలో ఎవరినీ నోరు మూయించలేము. అడిగేవాడు అడుగుతాడు, ఎగతాళి చేసేవాడు చేస్తాడు. మన ముత్తాతలు కొందరు అట్టి ప్రశ్నలలో నుండి విశ్వాసములోనికి వచ్చారు. నాలుగు తరముల తరువాత వారి మునిమనుమలకు ప్రశ్నలు లేని విశ్వాసమును మనము ఇస్తున్నాము. ఇది వారసత్వమును కాపాడడము కాదు.

నేటి సంత బడిలోనే ఉన్నది. గుర్రంకొండ నవాబుల ఏలుబడి చూచిన ఊరు. ఇక్కడి బడిలో క్రైస్తవ పిల్లవాని పక్కన ముస్లిం స్నేహితుడు కూర్చుంటాడు. యేసు సిలువ మీద చనిపోలేదని ఖురాను (4:157) చెబుతున్నదని వాడు కపటము లేకుండ అంటాడు. ఇంకొక పక్క స్నేహితుడు దేవుడు చావడమేమిటని అడుగుతాడు. మన పిల్లవాని దగ్గర బదులు లేదు, ఇంటికి తెచ్చి అడగడానికి ధైర్యము లేదు.

ప్రశ్నించడము ఈ మట్టికి కొత్త కాదు. జిడ్డు కృష్ణమూర్తి మదనపల్లెలో 1895లో పుట్టారు. తన కోసము ఏర్పడిన సంస్థను 1929లో తానే రద్దు చేశారు. ఆయన తలంపులతో నడిచే రిషీవ్యాలీ పాఠశాల మదనపల్లెకు దగ్గరలోనే ఉన్నది. ఏ గురువూ, ఏ అధికారమూ లేకుండ ఒంటరిగా వెదకమన్నది ఆయన బోధ. తోమా మార్గము అది కాదు. తోమా ఒక గదిలో, మనుష్యుల మధ్య, పేరుపెట్టి పిలిచే ఒకరిని అడిగాడు. ఈ భేదమును పిల్లలకు గౌరవముతో వివరించవచ్చు. అయితే అడగనిచ్చే ఇల్లు తమదని పొరుగువారు చెప్పుకోగలిగి, మనము చెప్పుకోలేకపోతే సిగ్గుపడవలసినది మనమే.

ఇంకొక సంగతి, చెప్పడానికి కష్టమైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవ్యము స్వీకరించిన దళితునికి షెడ్యూల్డు కులముల హోదా ఉండదు. మన రాష్ట్రములో అట్టివారు బి.సి.-సి వర్గములోనికి వస్తారు. కొన్ని ఇళ్లలో పిల్లవాడు ఆదివారము నోటితో ప్రభువును ఒప్పుకోవాలని వింటాడు, సోమవారము బడి దరఖాస్తులో వేరొక మాట వ్రాయమని వింటాడు. తలిదండ్రులను నిందించడము నా ఉద్దేశము కాదు, ఆ ఇరుకును వారు కోరి తెచ్చుకోలేదు. కాని ఆ పిల్లవాని మనస్సులో లేచే "నేను ఎవరు?" అనే ప్రశ్నకు సంఘములో చోటు ఎక్కడ?

క్రైస్తవ విద్యా శాస్త్రములో జాన్ వెస్టర్‌హాఫ్ (1976), జేమ్స్ ఫౌలర్ (1981) కౌమారములోని విశ్వాసమును చర్చించారు. చుట్టూ ఉన్నవారి విశ్వాసమును తనదిగా ధరించడము ఆ వయస్సు లక్షణమని ఫౌలర్ అంటాడు. వెదకే విశ్వాసమును దాటితేనే సొంత విశ్వాసము కలుగుతుందని వెస్టర్‌హాఫ్ అంటాడు. ఇద్దరూ అమెరికా వారు. అక్కడ వెదకే యౌవనస్థుడు వేరొక సంఘమునకు పోగలడు. మన పల్లెలో సంఘమూ, బంధువర్గమూ, వీధీ ఒకటే. కనుక ఇక్కడ ప్రశ్న ఖరీదు ఎక్కువ, దాని కోసము పెద్దలు కల్పించవలసిన భద్రత కూడ ఎక్కువ. ఈ సవరణ లేకుండ వారి సిద్ధాంతములను మన పాఠ్యాంశములలోనికి దించుకోవడము తగదు.

6. అభ్యంతరములు

సందేహించువాడు సముద్ర తరంగము వంటివాడని యాకోబు (1:6) చెప్పలేదా? చెప్పాడు. అయితే అక్కడ ఆయన ఖండించినది రెండు మనస్సులు గలవానిని (1:8), దేవుని అడుగుతూనే దేవుని దాతృత్వమును అనుమానించేవానిని. ఆ ముందరి వచనములోనే జ్ఞానము కొదువగా ఉన్నవాడు అడగవలెననీ, దేవుడు గద్దింపక ఇస్తాడనీ ఉన్నది. మనము గద్దిస్తున్నాము. మరియు యూదా 22 సందేహపడేవారి మీద కనికరము చూపమంటున్నది. యాకోబులోను యూదాలోను మూల క్రియ ఒక్కటే.

చర్చకు తలుపు తీస్తే సిద్ధాంతము సడలిపోదా? కొరింథులో పునరుత్థానము లేదని కొందరు అన్నారు (1 కొరింథీయులకు 15:12). పౌలు వారితో వాదించాడు. తాను పొందినదానిని అప్పగించాడు, సాక్షుల పేర్లు చెప్పాడు, అయిదువందల మందిలో అనేకులు ఇంకా బ్రతికి ఉన్నారని వ్రాశాడు, అంటే వెళ్లి అడగవచ్చునని. క్రీస్తు లేవకపోతే మన విశ్వాసము వ్యర్థమని ఒప్పుకునే ధైర్యము ఆయనకు ఉన్నది. ఈ వ్యాసము పునరుత్థానమును తక్కువ చేయడానికి వ్రాయబడలేదు. అది ప్రశ్నకు తట్టుకోగలదని నమ్మేవారే దానిని ప్రశ్న నుండి దాచకుండ ఉంటారు.

మూడవ అభ్యంతరము న్యాయమైనది. నాలుగైదు ఊళ్లకు ఒకే కాపరి, ఇంటర్మీడియట్ చదివే అమ్మాయే ఆదివారపు బడి ఉపాధ్యాయురాలు. ఇన్ని ప్రశ్నలకు ఆమె ఎట్లు బదులు చెబుతుంది? చెప్పనక్కరలేదు. "నాకు తెలియదు, కలిసి వెదకుదాము" అనే మాటను ఆమెకు నేర్పితే చాలు. ఆ మాటను మన శిక్షణ తరగతులలో ఎవరూ నేర్పడము లేదు.

7. చేయదగిన పనులు

ఒకటి: ఈస్టర్ తరువాతి ఆదివారమును పన్నెండు నుండి పదిహేనేళ్ల పిల్లల కోసము కేటాయించవలెను. ప్రాచ్య సంఘములు ఆ దినమును తోమా ఆదివారముగా ఆచరిస్తాయి. ప్రసంగము ఉండదు, వాక్యభాగము చదివి పిల్లలు అడుగుతారు.

రెండు: శ్రమల దినములలో ఒక పెట్టె పెట్టి, పేరు వ్రాయకుండ ప్రశ్నలు వేయనివ్వవలెను. చేతివ్రాత పోల్చి ఎవరిదో తెలుసుకొని తలిదండ్రులకు చెప్పకూడదు. ఒక్కసారి అట్లు జరిగితే ఆ పెట్టె ఇక ఎప్పటికీ ఖాళీయే.

మూడు: వాక్యముల పోటీలో జవాబు వచనముతో పాటు ప్రశ్న వచనమును కూడ నేర్పవలెను.

నాలుగు: పండుగ రాత్రి కూటములలో అందరి యెదుట పిల్లలను లేచి నిలబడమని తీర్మానము చేయించే అలవాటును ఈ వయస్సువారి విషయములో మానవలెను. ఈస్టర్ దినములు మన పిల్లలకు పరీక్షల దినములు కూడ. మార్కుల భయమూ మ్రొక్కుబడులూ కలగలిసిన ఆ వేళ లేచి నిలబడడము ఒప్పుకోలు కానక్కరలేదు. తోమాకు ఎనిమిది దినములు ఇయ్యబడెను. కన్ఫర్మేషన్ తరగతులలో ఆ వ్యవధి మన పిల్లలకు ఉండవలెను.

అయిదు: సమాధుల తోటలో ఆరాధన ముగిసిన వెంటనే కాపరి వెళ్లిపోకూడదు. పిల్లల నిజమైన ప్రశ్నలు అక్కడే లేస్తాయి.

ముగింపు

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరములో 1915లో వివిధ మిషనులు కలిసి క్షయ రోగుల కోసము శానిటోరియము తెరిచాయి. 1940ల వరకు ఆ రోగమునకు నిజమైన మందు లేదు. ప్రార్థించినవారిలో లేచి ఇంటికి వెళ్లినవారు ఉన్నారు, వెళ్లనివారూ ఉన్నారు. ఎందుకన్న ప్రశ్నకు వారి దగ్గర మనకు లేని జవాబు ఉండి ఉండదు. అయినను మరణమే చివరి మాట కాదని నమ్మినవారు మరణించేవారి పక్కన కూర్చున్నారు. మన ప్రాంతపు సంఘము పునరుత్థానమును గూర్చి ఇచ్చిన మంచి సాక్ష్యములలో అది ఒకటి. జవాబు దొరకనిచోట విడిచిపోకుండ ఉండడము కూడ సాక్ష్యమే.

ఆ బాలుని దగ్గరకు నేను తిరిగి వెళ్లడానికి రెండు ఈస్టర్లు పట్టింది. అప్పటికి వాడు పదో తరగతి పూర్తి చేసి ఇంటర్మీడియట్‌లో ఉన్నాడు. అదే సమాధి దగ్గర నిలబడి, ఆ రోజు నీవు అడిగినదానికి నేను బదులు చెప్పలేదు, తప్పించుకున్నాను అన్నాను. నాకు ఇప్పటికీ తెలియదు అని కూడ చెప్పాను. వాడు చాలాసేపు ఊరకున్నాడు. తరువాత, "మీకింకా గుర్తుందా అయ్యగారూ?" అన్నాడు. ఆ ఉదయము ఇంకో ఊరి ఆరాధనకు నేను ఆలస్యముగా వెళ్లాను. మేమిద్దరమూ కూర్చుని వాళ్ల అవ్వను గూర్చి మాట్లాడుకున్నాము.